బోర్డు వెనుక మనిషి

బంగారం కొనబోతే కంసాలి గీటురాయి మీద గీసి చూపిస్తాడు. పాలల్లో నీళ్ళెన్నో తేల్చి చెప్పడానికి లాక్టోమీటరుంది. మరి, "మీ మనసులోని బాధ నాతో చెప్పుకోండి" అని బోర్డు కట్టి కూర్చున్న మనిషి అసలో నకిలీయో తేల్చడం ఎట్లా? ఆ గదిలో చెప్పుకునేవి ఆషామాషీ సంగతులు కావు గదా! కట్టుకున్నవాడితోనూ, కన్నతల్లితోనూ కూడా అనలేక గుండెల్లో దాచుకున్న మాటలు. అవి ఎవరి చెవిన వేస్తున్నామో, ఆ చెవిలోంచి మరెక్కడికి పోతాయో తెలియకుండా నోరు విప్పడానికి ఎవరికి మాత్రం ధైర్యం చాలుతుంది?

ఐరోపా ఖండంలో ఈ ప్రశ్న చాలాకాలం నలిగింది. జవాబు వెతకడానికి ఆ వృత్తిలో ఉన్నవాళ్ళే తమ తమ సంఘాల ద్వారా నడుం కట్టారు. వాళ్ళ చేతిలో చట్టం లేదు, శిక్షించే అధికారం అసలే లేదు. అయినా ఒక దేశం సంఘం మరో దేశం సంఘంతో చేయి కలిపి, ప్రభుత్వాలు తమ మాట చెవిన పెట్టేటట్టు చేసుకున్నాయి. ఎట్లా చేశాయన్నదే ఈ కథ.

కథలోకి వెళ్ళేముందు ఒక చిన్న ముడి విప్పుకోవాలి. సైకియాట్రిస్టు వేరు, సైకాలజిస్టు వేరు. మొదటివారు డాక్టరు, మందుచీటీ రాస్తారు. రెండోవారు మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవారు. మాటల ద్వారా, పరీక్షల ద్వారా మనసు తీరు తెలుసుకుని సాయం చేస్తారు. డాక్టర్లకు చట్టమూ, రిజిస్టరూ ఏనాటినుంచో ఉన్నాయి. సైకాలజిస్టులకు మాత్రం చాలా దేశాల్లో అలాంటివేమీ ఉండేవి కావు. ఎవరైనా పేరు పక్కన ఆ మాట రాసుకుంటే అడిగే నాథుడు లేడు.

నిజానికి ఈ శాస్త్రమే కొత్తది. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ అనే ఆచార్యుడు ప్రయోగశాల పెట్టిన నాటినుంచీ దీని వయసు లెక్క కడతారు. పదేళ్ళు తిరిగేసరికి, ఐఫిల్ టవరు లేచి నిలబడిన 1889లోనే, పారిస్‌లో మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది. అయితే అప్పటికింకా ఇది పండితుల గోష్ఠి. వీధిలోకి రాలేదు, ఇంట్లోకి అసలే రాలేదు.

1901 అక్టోబరు 24న లండన్ యూనివర్సిటీ కాలేజీలో పదిమంది కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ అదే. ఆ పదిమందిలో ఒక మహిళ ఉన్నారంటే ఆశ్చర్యంగా లేదూ? ఆవిడ పేరు సోఫీ బ్రయంట్. చిన్నవయసులో పెళ్ళయింది, ఏడాది తిరక్కుండానే భర్త పోయాడు. ఆవిడ కుమిలిపోతూ కూర్చోలేదు. లెక్కలు చదివారు, చెప్పారు. 1884లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టం అందుకున్నారు. సంఘం పుట్టేనాటికి ఒక పెద్ద బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని. పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్ళకు ఓటే లేని రోజులవి! ఆ పదిమందిలోనే రివర్స్ అనే ఆయనకు మన దక్షిణాదితో చుట్టరికం ఉంది. నీలగిరి కొండల్లోని తోడాల మధ్య గడిపి, వాళ్ళ జీవితం మీద 1906లో పెద్ద గ్రంథం వెలువరించింది ఆయనే.

మొదట్లో ఆ సంఘం గుమ్మం ఇరుకు. పాఠం చెప్పేవాళ్ళు, పేరున్న రచనలు చేసినవాళ్ళు తప్ప లోపలికి రాకూడదు. మొదటి ప్రపంచయుద్ధం ఆ గుమ్మాన్ని బద్దలు కొట్టింది. ఒంటిమీద గాయమన్నది లేకపోయినా మాట పడిపోయి, నిద్ర పట్టక, చేతులు వణుకుతూ సైనికులు వందలు వేలుగా తిరిగి వచ్చారు. ఇదే రివర్స్ దొర ఎడింబరో దగ్గర ఆస్పత్రిలో కూర్చుని, వాళ్ళు పీడకలలుగా దాచుకున్నదాన్ని మాటల్లో చెప్పించి ఊరట కలిగించాడు. శాస్త్రం పుస్తకంలోంచి మంచం పక్కకి వచ్చింది. 1919లో సొసైటీ వైద్యానికి, విద్యకు, పరిశ్రమలకు విడివిడి శాఖలు పెట్టి తలుపులు బార్లా తెరిచింది. మరుసటి ఏడు జెనీవాలో క్లాపరేడ్ అనే స్విస్ ఆచార్యుడు, ఈ శాస్త్రాన్ని నిత్యజీవితానికి వాడేవాళ్ళ కోసం అంతర్జాతీయ సంఘానికి పునాది వేశాడు.

అప్పటినుంచీ అవసరం పెరిగింది. బడిలో వెనకబడ్డ పిల్లవాడు, పనిలో కుదురుకోలేని కార్మికుడు, కోర్టులో బిడ్డ కోసం పోరాడే తల్లిదండ్రులు, అందరి విషయంలోనూ సైకాలజిస్టు ఏమంటాడో కనుక్కోవడం రివాజయింది. అతగాడు రాసిచ్చిన ఒక్క కాగితంతో ఒక పిల్లవాడి చదువు దారి మారిపోవచ్చు. ఒక తల్లి ఒడిలోంచి బిడ్డ పోవచ్చు. అంతటి కాగితం మీద సంతకం చేసే మనిషికి ఏ చదువుండాలి? తప్పు చేస్తే ఎవరితో మొరపెట్టుకోవాలి? ఒక్కో దేశం తనకు తోచినట్టు జవాబు చెప్పుకుంది. నార్వే 1973లో చట్టం చేసింది. స్పెయిన్ 1979లో సైకాలజిస్టుల వృత్తిమండలికి చట్టం ద్వారా ప్రాణం పోసింది. మిగతా దేశాలు చాలావరకు చూద్దాంలే అన్నాయి.

ఇంతలో మరో చిక్కు వచ్చిపడింది. 1957 నాటి రోమ్ ఒడంబడికతో పశ్చిమ ఐరోపా దేశాలు కొన్ని ఉమ్మడి మార్కెట్టుగా ఏర్పడ్డాయి. వస్తువులతోపాటు మనుషులు కూడా ఒక దేశంనుంచి మరోదేశానికి పనికి వెళ్ళవచ్చునన్నారు. బాగానే ఉంది. కానీ ఒకచోట మూడేళ్ళు చదివినా సైకాలజిస్టే, మరోచోట ఆరేళ్ళు చదివినా సైకాలజిస్టేనంటే, సరిహద్దు దాటి వచ్చినవాడు ఎంతవాడో తెలిసేదెట్లా?

అందుకని 1981లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పన్నెండు దేశాల సంఘాలు ఒక సమాఖ్య కట్టాయి. 2001లో దాని పేరు కాస్త కుదించి ఐరోపా సైకాలజిస్టుల సంఘాల సమాఖ్య అన్నారు. ఒక దేశానికి ఒక సంఘమే సభ్యురాలు. రెండేళ్ళకొకసారి సర్వసభ్య సమావేశం. కార్యాలయం బ్రస్సెల్స్‌లో, అంటే ఐరోపా నిర్ణయాలు జరిగే ఊళ్ళోనే మకాం అన్నమాట. 1989 జూలైలో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి ఐరోపా మహాసభ జరిగింది. అదే ఏడు నవంబరులో బెర్లిన్ గోడ కూలింది. రెండో మహాసభ 1991లో బుడాపెస్ట్‌లో! తూర్పు దేశాల సంఘాలు కూడా ఒక్కొక్కటే వచ్చి చేరాయి. పన్నెండుతో మొదలైన పందిరి కింద నేడు 35కు పైగా దేశాలున్నాయి.

సంఘాలంటే మనకు తెలియనివా? జీతాలు పెంచమని, సెలవులివ్వమని కోరికల చిట్టా పట్టుకెళ్ళేవి అనుకుంటాం. ఈ సమాఖ్య కోరికలు పక్కన పెట్టి, ముందు తన చేతులకు తానే సంకెళ్ళు వేసుకుంది. కిటుకంతా అందులోనే ఉంది. 1995లో ఏథెన్స్‌లో ఒక ఉమ్మడి నీతి నియమావళిని ఆమోదించారు. 2005లో గ్రనాడాలో దాన్ని సవరించారు. ఎదుటి మనిషి హక్కులకూ మర్యాదకూ గౌరవం, పనిలో సామర్థ్యం, బాధ్యత, నిజాయితీ అని నాలుగు స్తంభాలు నిలబెట్టారు. ఇది నేరుగా సైకాలజిస్టులకు రాసింది కాదు, సంఘాలకు రాసింది. పులుసు ఒక్కో ఇంట్లో ఒక్కోలా కాస్తాం. బెల్లం వేసేవారు వేస్తారు, మానేవారు మానేస్తారు. చింతపండూ, ఉప్పూ లేకపోతే మాత్రం దాన్ని పులుసనరు. అలాగే, మీ దేశం నియమావళి మీరే రాసుకోండి, ఈ నాలుగూ మాత్రం అందులో ఉండి తీరాలి, ఫిర్యాదు వస్తే విచారించే ఏర్పాటూ ఉండాలి అన్నారు. ఆ రోజుల్లో, 1993 నుంచి 1999 దాకా, సమాఖ్య అధ్యక్షపీఠం మీద కూర్చున్నది ఇంగ్రిడ్ లంట్ అనే బ్రిటిష్ మహిళ.

తర్వాత పిల్లలకూ పెద్దలకూ పెట్టే మానసిక పరీక్షల మీద పడ్డారు. నేరేడుపండు ఎన్నడూ చూడని పిల్లవాణ్ణి అది ఏ రంగని అడిగి, చెప్పలేదు కాబట్టి మందబుద్ధి అంటే ఎంత అన్యాయం! ఒక దేశంలో తయారైన పరీక్షను ఇంకో భాషలోకి మార్చేస్తే జరిగేది సరిగ్గా ఇదే. అంచేత బ్రిటన్, నెదర్లాండ్స్, స్పెయిన్ దేశాల సంఘాల అనుభవాన్ని కలిపి, ఏ పరీక్ష నమ్మదగిందో తూచే ఒక ఉమ్మడి పద్ధతి తయారుచేశారు.

మూడోది యూరోసై అనే యోగ్యతాపత్రం. 2010 నుంచి ఇస్తున్నారు. అయిదేళ్ళ విశ్వవిద్యాలయ చదువు, ఆపైన ఒక ఏడాది అనుభవజ్ఞుల కనుసన్నల్లో పని. అలా ఆరేళ్ళు పూర్తయితేనే అది చేతికొస్తుంది. వచ్చింది కదా అని చట్రం కట్టి గోడకు తగిలించి నిశ్చింతగా కూర్చోవడానికి వీల్లేదు. ఏడేళ్ళకొకసారి, ఇంకా పని చేస్తున్నాం, కొత్తవి నేర్చుకుంటున్నాం అని రుజువు చూపిస్తేనే కొనసాగుతుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ పత్రానికి చట్టబలం లేదు. దాన్ని చూపించినంత మాత్రాన ఏ దేశమూ ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. 2005 నాటి ఐరోపా ఆదేశంలో డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు, దంతవైద్యులు, పశువైద్యులు, ఫార్మసిస్టులు, ఆర్కిటెక్టులు, ఈ ఏడు వృత్తులకే ఒక దేశం డిగ్రీ మరో దేశంలో దానంతటదే చెల్లుతుంది. సైకాలజిస్టులకు ఆ పంక్తిలో విస్తరి వేయలేదు, ఇప్పటికీ వేయలేదు.

మరైతే సాధించిందేమిటంటారా? ఇంట్లో ఏదైనా కావాలంటే మనం వేసే ఎత్తే వాళ్ళూ వేశారు. "పక్కింటివాళ్ళకుంది, మనకెందుకు లేదు?" సంఘాలన్నీ ఒకచోట కూర్చునేసరికి ఏ దేశంలో ఏ చట్టం ఉందో అందరికీ తెలిసిపోయింది. ఎవరికి వారు తమ ప్రభుత్వం దగ్గరకెళ్ళి పొరుగుదేశాన్ని చూపించారు. ఫ్రాన్సు 1985లో ఆ పేరుకు రక్షణ కల్పించింది. ఇటలీ 1989లో, ఆస్ట్రియా 1990లో చట్టాలు చేశాయి. పోర్చుగల్ 2008లో వృత్తిమండలి ఏర్పాటు చేసింది. ఎంత చదువుండాలి, ఏ నీతి పాటించాలి అని అడగబోయే మంత్రిగారికి, ఇదిగో మేమే రాసి పెట్టుకున్నామని కాగితం అందించే వీలు ఉండనే ఉంది. తనను తాను కట్టడి చేసుకుని వచ్చినవాడి మాటకు ఆ బరువు వేరు!

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. చట్టం కోసం దశాబ్దాలు అడిగిన బ్రిటిష్ సొసైటీకి 2009 జూలైలో చట్టం వచ్చింది. తీరా చూస్తే రిజిస్టరూ, తప్పుచేసినవాళ్ళను విచారించే పనీ వేరే ఆరోగ్య వృత్తుల మండలి చేతికి పోయాయి. సైకాలజిస్టులకే ప్రత్యేకంగా ఒక మండలి కావాలని సొసైటీ కోరితే అది జరగలేదు. క్లినికల్ సైకాలజిస్టు, ఎడ్యుకేషనల్ సైకాలజిస్టు వంటి పేర్లకు రక్షణ వచ్చింది. ఒట్టి సైకాలజిస్టు అన్న మాటకు రాలేదు. పెంచిన పిల్లను అత్తవారింటికి పంపినట్టే. మన చేయి దాటిపోయిందని బాధ, కుదురుకుందని తృప్తి.

మన దేశంలో కూడా 1992 నాటి పునరావాస మండలి చట్టం కింద క్లినికల్ సైకాలజిస్టులకు రిజిస్టరు ఉంది. ఆ సంగతి తెలిసి అడిగేవాళ్ళెందరు? డాక్టరు గదిలోకి వెళ్ళి మీరేం చదివారని అడగడం మర్యాద కాదనుకుంటాం. మనసు విప్పబోయే ముందు మాత్రం ఆ మొహమాటం పనికిరాదు. ఎక్కడ చదివారు, ఎవరి దగ్గర శిక్షణ పొందారు, రిజిస్టరులో పేరుందా, నేను చెప్పింది ఈ గది దాటదు గదా? ఈ నాలుగు మాటలూ అడగడం తప్పు కాదు. అసలైనవారు వాటికి నొచ్చుకోరు. అలా అడిగితే జవాబు చెప్పుకునే స్థితిలో ఉండాలనే గదా, ఐరోపాలో వాళ్ళు ఇన్నేళ్ళు శ్రమపడ్డది!