లాస్ట్ ర్యాంకు చూసి చెప్పండి మాస్టారూ

"మా గుంటడికి ఏయూలో సీటొస్తాదా మాస్టారూ?" రిజల్ట్స్ వచ్చాయంటే గాజువాకలో మా అరుగు మీద ఇదే మాట. చెప్పేది ట్యూషన్ లెక్కలే గానీ, 1986లో ఎంసెట్ వచ్చాక నాకు పేరొచ్చింది మాత్రం ఈ జోస్యంతోనే. పెట్టుబడి అంటారా, నిరుటి లాస్ట్ ర్యాంకుల జిరాక్స్, ఓ ఎర్ర పెన్ను.

ర్యాంకు తర్వాత అడిగేవాణ్ణి. ముందు, "తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివాడు?" 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) ప్రాంతం. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివుంటే లోకల్. చిక్కంతా ఉక్కునగరం వాళ్లతోనే. తండ్రి భిలాయి నుంచి వచ్చి స్టీల్‌ప్లాంట్‌లో చేరాడు, కొడుకు పదో తరగతి భిలాయిలోనే ముగించాడు. ఎంత మంచి ర్యాంకైనా మిగతా 15 శాతంలోనే కొట్లాడాలి. ఆ తండ్రి మొహం చూసి చెప్పడం కష్టంగా ఉండేది.

ఆ తర్వాతే కేటగిరీ, ఆడపిల్లల కోటా, బ్రాంచి. పాత జాబితాలు దాచుకుని లాభం లేదు. తొంభైల చివర్లో ప్రైవేటు కాలేజీలు పెరిగాక లాస్ట్ ర్యాంకులు బాగా కిందికి జారాయి, రెండేళ్లవి చాలు. 1946లో ఇంజనీరింగ్ మొదలైన ఏయూలో సీటు మాత్రం ఎప్పుడూ బిర్రే. మెడిసిన్ జోలికి నేను పోలేదు.