గుడ్డు రంగు చెప్పే చరిత్ర



సంతలో తెల్ల గుడ్డుకు ఒక ధర, గోధుమ రంగు గుడ్డుకు అంతకంటే ఎక్కువ ధర పలకడం మీరు చూసే ఉంటారు. రెండోదాన్ని నాటుకోడి గుడ్డు అని చెప్పి అమ్ముతారు. మనం నమ్మి కొంటాం. గుడ్డు రంగును బట్టి దాన్ని పెట్టిన కోడి జాతిని నిజంగా గుర్తించగలమా? ఇవాళ్టి పాఠంలో ఈ ప్రశ్నను చరిత్ర సాయంతో పరిశీలిద్దాం.

రంగు ఎలా వస్తుంది?

కోడి కడుపులో ఒక గుడ్డు తయారు కావడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు ఏర్పడటానికే పోతాయి. పెంకు కాల్షియం కార్బొనేట్‌తో తయారవుతుంది కాబట్టి సహజంగా తెల్లగా ఉంటుంది. చివరి గంటల్లో ప్రోటోపార్ఫిరిన్ అనే వర్ణకం పైపూతగా చేరితే గుడ్డు గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే ఆ గుడ్డును పగలగొట్టి చూస్తే పెంకు లోపలి వైపు తెల్లగానే కనిపిస్తుంది. బిలివెర్డిన్ అనే మరో వర్ణకం చేరితే నీలి గుడ్డు వస్తుంది. ఈ రంగు పెంకు లోపలి దాకా ఇంకుతుంది. నీలి పెంకు మీద గోధుమ పూత పడితే ఆకుపచ్చ గుడ్డు అవుతుంది.

ఏ వర్ణకం చేరాలన్నది వంశాన్ని బట్టి నిర్ణయమవుతుంది. వయసు పైబడినా, బెదురు కలిగినా రంగు కొంత వెలిసిపోవచ్చు. అంతేగాని తెల్ల గుడ్లు పెట్టే జాతి మేత మారినంత మాత్రాన గోధుమ గుడ్లు పెట్టదు.

ఆసియా నుండి ఐరోపాకు

పెంపుడు కోళ్లకు ప్రధాన పూర్వీకుడు ఎర్ర అడవికోడి అని చార్లెస్ డార్విన్ 1868లో వెలువడిన తన గ్రంథంలో వాదించారు. 2020లో వెలువడిన విస్తృత జన్యు పరిశోధన ఆ మూలాన్ని నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ ప్రాంతాల్లోని ఒక ఉపజాతిలో గుర్తించింది. అడవికోడి గుడ్డు లేత మీగడ రంగులో ఉంటుంది.

మధ్యధరా తీరంలో స్థిరపడిన కోళ్లలో తెల్ల గుడ్డు పెట్టే వంశాలు బలపడ్డాయి. ఇటలీకి చెందిన లెగార్న్ జాతి వీటిలో ప్రసిద్ధం. 1842 నాన్‌కింగ్ సంధితో షాంఘై మొదలైన చైనా రేవులు బ్రిటిష్ వర్తకానికి తెరుచుకున్నాయి. ఆ దశాబ్దంలోనే గోధుమ గుడ్లు పెట్టే భారీ చైనా కోళ్లు ఓడలెక్కి పడమటికి చేరాయి. వాటిని పెంచాలన్న మోజు ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ జ్వరంలా పాకింది. అమెరికాలో రూపుదిద్దుకున్న రోడ్ ఐలాండ్ రెడ్ జాతిలో ఆసియా కోళ్ల రక్తం ఉంది. దాని గోధుమ గుడ్డు ఆ వారసత్వమే. అంటే గోధుమ రంగు గుడ్డు వెనుక సంధులు, రేవులు, ఓడల చరిత్ర కూడా ఉంది.

నీలి గుడ్డు నేర్పిన పాఠం

స్పెయిన్‌కు చెందిన సాల్వడార్ కస్తెలో 1914లో చిలీ దేశంలో నీలి గుడ్లు పెట్టే కోళ్లను చూశారు. 1921లో హేగ్ నగరంలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో వాటి గురించి వివరించారు. నీలి రంగుకు ఒకే ఒక బహిర్గత జన్యువు కారణమని ఇంగ్లండ్ శాస్త్రవేత్త పున్నెట్ 1933లో చూపించారు.

చైనాలోనూ నీలి గుడ్లు పెట్టే జాతులు ఉన్నాయి. కనుక కొలంబస్ కంటే ముందే ఆసియా కోళ్లు పసిఫిక్ దాటి దక్షిణ అమెరికా చేరాయని, నీలి గుడ్డు అందుకు ఒక ఆధారమని వాదించినవారు ఉన్నారు. అయితే 2013లో వెలువడిన పరిశోధనలు అసలు సంగతి తేల్చాయి. ఒక పురాతన వైరస్ ముక్క కోడి జన్యువుల్లో చొరబడటమే నీలి రంగుకు కారణం. ఈ చొరబాటు చైనాలో ఒకసారి, చిలీ కోళ్లలో మరోసారి వేర్వేరుగా జరిగింది. రంగు ఒకటే, పుట్టుక వేరు. కాబట్టి రంగు ఒక్కదానితో బంధుత్వం నిర్ధారించకూడదు.

చెవి తమ్మె సూత్రం

తెల్లని చెవి తమ్మె ఉన్న కోడి తెల్ల గుడ్లు, ఎర్రని తమ్మె ఉన్నది గోధుమ గుడ్లు పెడుతుందని పెంపకందార్లు అంటారు. లెగార్న్, రోడ్ ఐలాండ్ రెడ్ విషయంలో ఇది నిజమే. కాని ఇంగ్లండ్‌కు చెందిన డార్కింగ్ కోడికి తమ్మె ఎర్రగా ఉన్నా గుడ్డు తెల్లగానే ఉంటుంది. స్పెయిన్‌లోని పెనెదెసెంకా కోడికి తమ్మె తెల్లన, గుడ్డు ముదురు గోధుమ. సూత్రం ఊహకు పనికొస్తుంది గాని రుజువుకు చాలదు.

మన పెరట్లో

ఇప్పుడు మన దేశానికి వద్దాం. కోళ్ల ఫారాల నుండి వచ్చే తెల్ల గుడ్డు లెగార్న్ వంశానిది. మన అసీల్ కోడి గుడ్డు మీగడ రంగు నుండి లేత గోధుమ వరకు ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువాకు చెందిన కడక్‌నాథ్ కోడి మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కోడికి చర్మం, మాంసం నలుపే గాని గుడ్డు మాత్రం లేత రంగుదే. నల్ల గుడ్డు అని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. ఇవి గోధుమ గుడ్లు పెడతాయి. పంజరాల్లో పెంచే కొన్ని సంకర కోళ్లూ గోధుమ గుడ్లే పెడతాయి. కాబట్టి గోధుమ రంగు చూసి నాటుకోడి అనుకోవడం సరికాదు. పెంకు రంగుతో పోషక విలువ కూడా మారదు. అది మేతను, పెంపకాన్ని బట్టి ఉంటుంది.

ఈ పొరపాటు వల్ల కొనేవారితో పాటు మరొకరూ నష్టపోతారు. నాటుకోడి తక్కువ గుడ్లు పెడుతుంది. ఫారం గుడ్డు దాని పేరుతో అమ్ముడైతే, నిజంగా నాటుకోళ్లు పెంచే ఇల్లాలికి గిట్టుబాటు ధర దక్కదు. గిట్టుబాటు లేని జాతిని ఎవరూ ఎక్కువ కాలం పెంచరు.

విద్యార్థులారా, గుడ్డు రంగు ఒక సాక్షి. అది చెప్పేది వినాలి, కాని ఒక్క సాక్షితో తీర్పు ఇవ్వకూడదు. ఈసారి గుడ్డు కొనేటప్పుడు రంగుతో సరిపెట్టుకోకుండా, అది ఏ కోడిది, ఎక్కడ పెరిగింది అని అడగండి.