మారినవాడు హీరో.. మరి మార్చినవాళ్ళో?

ఓ రెండేళ్ళ కిందట మేం నలుగురు స్నేహితులం కలిసి పదిహేను నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి తీద్దామని కూర్చున్నాం. (మన ఫీల్డులో ఈ జబ్బు రానివాడెవడు లెండి.) కథ నాదే. ఎప్పుడూ పనీ పనీ అంటూ ఇంటివాళ్ళని పట్టించుకోని కుర్రాడు, అతనికో చలాకీ అమ్మాయి పరిచయం, చివరికి అతను మారిపోవడం. హీరోయిన్‌గా వెయ్యమని ఆఫీసులో ఒకమ్మాయిని అడిగాం. స్క్రిప్టంతా చదివి ఒకటే ప్రశ్న వేసింది. "బాగానే ఉందిగానీ, ఈ అమ్మాయికి ఏం కావాలి?"

"హీరో మారడం కావాలి" అన్నాను ఠక్కున.

"అది నీకు కావాలి. ఆ అమ్మాయికి ఏం కావాలి?"

నా దగ్గర సమాధానం లేదు. సినిమా అక్కడితో అటకెక్కింది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అప్పట్నించీ ఏ పాత సినిమా చూసినా మారే మనిషిని వదిలేసి, అతన్ని మార్చే మనిషి మీదే కన్నేసి చూడటం అలవాటైంది. అలా చూస్తే మన సినిమాల్లో ఈ 'మార్చే పాత్ర'కి ఓ చరిత్ర కనబడింది. దాని గురించే ఈ గోల.

ముందు కాస్త థియరీ. లాయోస్ ఎగ్రీ అని హంగేరీ నుంచి అమెరికా వెళ్ళిన ఒకాయన నాటక రచన మీద రాసిన పుస్తకం 1946లో వచ్చింది. సినిమా రచయితలు ఇప్పటికీ చదువుతారు. కథని ముందుకి నెట్టే కీలక పాత్ర ఒకటుండాలనీ, ఆ పాత్రకి ఏదో ఒకటి గట్టిగా కావాలనీ, అది దక్కేదాకా ఊరుకోకూడదనీ ఆయన వాదన. ఇబ్సెన్ 1879లో రాసిన 'ఎ డాల్స్ హౌస్' నాటకాన్ని ఉదాహరణగా తీసుకుంటాడు. భర్త చాటున బొమ్మలా బతికిన నోరా చివరికి తలుపేసుకుని ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది కదా, ఆ కథలో కీలక పాత్ర ఎవరంటే క్రోగ్‌స్టాడ్ అంటాడు ఎగ్రీ. అప్పు కాగితం చూపించి నోరాని బెదిరించే బ్యాంకు ఉద్యోగి! నోరాకి జ్ఞానోదయం కలిగించాలని అతనికేమీ లేదు. అతనికి కావలసింది తన ఉద్యోగం పోకుండా ఉండటం, అంతే. తన ఉద్యోగం కోసం తను కొట్టుకుంటుంటే అవతల ఒక మనిషి జీవితం తిరగబడిపోయింది.

1994లో అమెరికాలో డ్రమాటికా అని కథలల్లే సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది. (మనవాళ్ళు దేన్నీ వదలరు.) అందులో ఈ పాత్రకి ఏకంగా ఒక స్లాట్ ఉంది. దాని పేరు మాత్రం మారుతూ వచ్చింది. మొదట అడ్డుపడే పాత్ర అన్నారు, తర్వాత దెబ్బ తగిలించే పాత్ర అన్నారు, ఆ తర్వాత ప్రభావం చూపే పాత్ర అన్నారు. పేరేదైనా పని ఒకటే. హీరోకి "నువ్వు బతికే పద్ధతి కాక ఇంకో పద్ధతి ఉంది" అని కళ్ళముందు నిలబడి చూపించడం. చూపించడం అన్నాను, చెప్పడం అనలేదు. కిటుకంతా అక్కడే ఉంది.

సరే, మన సినిమాల్లోకి వద్దాం.

1947లో వాహినీ వాళ్ళ 'యోగి వేమన' వచ్చింది. కె.వి. రెడ్డి దర్శకుడు, చిత్తూరు నాగయ్య వేమన. వేశ్య మోహనాంగి మోజులో పడి, ఆ తర్వాత బంగారం తయారుచెయ్యాలన్న పిచ్చిలో పడి ఇల్లూ వాకిలీ మరిచిపోయిన మనిషి యోగి ఎలా అయ్యాడు? గురువుగారు వచ్చి క్లాసు పీకితే కాలేదు. అన్న కూతురు జ్యోతి, బాబాయంటే ప్రాణం పెట్టే పిల్ల, జబ్బుచేసి చచ్చిపోయింది. చేతిలో బంగారం ఉంది, ఆ పిల్ల లేదు. అక్కడ విరిగింది వేమన మనసు. ఆ పసిదానికి వేదాంతం ఏం తెలుసు? దానికి కావలసింది బాబాయి, అంతే. పాత్ర ఎంత చిన్నదైనా దాని కోరిక స్పష్టంగా ఉంది కాబట్టే మన గుండె పట్టేస్తుంది.

పదేళ్ళ తర్వాత 1957లో 'పాండురంగ మహత్యం'. కథ తీరు ఇంచుమించు అదే. వేశ్య మోజులో పడి తల్లిదండ్రుల్ని హింసించిన పుండరీకుడు (ఎన్టీఆర్) కాళ్ళు పోగొట్టుకుని బుద్ధి తెచ్చుకుంటాడు. ఇక్కడ అతన్ని మార్చింది మనిషి కాదు, శిక్ష. తల్లిదండ్రులు, భార్య అంతా భరించి, క్షమించి, ఎదురుచూస్తారు. నాగయ్య, ఋష్యేంద్రమణి, అంజలీదేవి నటన వల్ల ఏడుస్తాం. కానీ వాళ్ళకి కొడుకు, భర్త మారడం తప్ప ఇంకో కోరిక ఉన్నట్టు కథ ఎక్కడా చెప్పదు. ప్రోగ్రామరు భాషలో చెప్పాలంటే, హీరో పిలిచినప్పుడే నడిచే ఫంక్షన్లన్నమాట.

ఈ రెంటికీ మధ్యన 1953లో వచ్చిన 'దేవదాసు' విచిత్రమైన కేసు. శరత్ బెంగాలీ నవల ఆధారంగా వేదాంతం రాఘవయ్య తీసిన సినిమా. దేవదాసు మారడు. తాగి తాగి చచ్చిపోతాడు. మారేది చంద్రముఖి (లలిత). తనని అసహ్యించుకున్న మనిషిని చూసి ఆ వృత్తే మానేస్తుంది. అంటే ఇక్కడ మార్చే పాత్ర దేవదాసు! పక్కమనిషి జీవితం తన వల్ల మారిపోతోందన్న ధ్యాస కూడా అతనికుండదు. పార్వతి తలపులో ములిగి ఉన్నాడు. క్రోగ్‌స్టాడ్‌కి ఉద్యోగం ఎలాగో దేవదాసుకి పార్వతి అలాగ.

ఇక 1962, 'గుండమ్మ కథ'. నాకు స్క్రీన్‌ప్లే పాఠం చెప్పమంటే ఈ ఒక్క సినిమా చాలంటాను. విఠలాచార్య తీసిన కన్నడ సినిమా 'మనె తుంబిద హెణ్ణు' (1958) దీనికి మూలం. చక్రపాణి దాన్ని మన ఇంటి కథలా మార్చేశారు, మాటలు డి.వి. నరసరాజు, దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. ఇందులో మారాల్సినవాళ్ళు ఇద్దరు, గుండమ్మ (సూర్యకాంతం), ఆవిడ కూతురు సరోజ (జమున). ఇద్దరూ మారే పద్ధతులు వేరు. ఒకే సినిమాలో రెండు ప్రయోగాలు పక్కపక్కన పెట్టినట్టుంటుంది.

సరోజని మార్చేది రాజా (అక్కినేని). పొగరు దించాలని ముందే ప్లాను వేసుకుని పెళ్ళి చేసుకుని, తీసుకెళ్ళి తోటపని చేయిస్తాడు. షేక్‌స్పియర్ గయ్యాళి భార్య నాటకం తెలిసినవాళ్ళకి అదే గుర్తొస్తుంది. పాటలు బాగున్నాయి, జమున ఇంకా బాగుంది, కానీ ఇవాళ చూస్తే కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఎందుకంటే రాజా ఏదీ పణంగా పెట్టలేదు. అతను దొరబిడ్డ, ఆట ఎప్పుడైనా ఆపేసుకోవచ్చు. పరీక్ష పెట్టేవాడికి పరీక్ష లేదు.

గుండమ్మ సంగతి అలా కాదు. ఆవిడని మార్చింది అంజి (ఎన్టీఆర్) అనుకుంటాం గానీ, కాస్త ఆగి చూడండి. దుర్గమ్మ (ఛాయాదేవి) వచ్చి ఆ ఇంట్లోనే తిష్ఠ వేసి, గుండమ్మ మీదే పెత్తనం చేస్తుంది. సవతి కూతురు లక్ష్మికి (సావిత్రి) గుండమ్మ చేసినదంతా ఇప్పుడు గుండమ్మకి జరుగుతుంది. దుర్గమ్మకి గుండమ్మని ఉద్ధరించే ఉద్దేశమేమీ లేదు. ఆవిడకి కావలసింది పెత్తనం. కానీ గుండమ్మకి అది అద్దం. అద్దం నీతులు చెప్పదు, మొహం చూపిస్తుంది. ఆ స్థితిలో లక్ష్మే వచ్చి ఆదుకునేసరికి గుండమ్మ కరిగిపోతే మనకి ఎక్కడా అబద్ధం అనిపించదు. అరవయ్యేళ్ళు దాటినా సరోజ మార్పుకన్నా గుండమ్మ మార్పే నిజంగా కనబడుతోందంటే కారణం ఇదే అని నా నమ్మకం.

తర్వాత విశ్వనాథ్ గారి కాలం. 1980లో 'శంకరాభరణం'. ఈ సినిమాలో ఎవరు ఎవర్ని మార్చారో చెప్పమంటే తడబడతాం. శంకరశాస్త్రి (సోమయాజులు) బండరాయి. పెళ్ళిచూపుల్లో కూతురు స్వరం తప్పితే సంబంధం పోతుందని కూడా చూడకుండా కసిరే మనిషి. ఆయన్ని చూసి, ఆయన సంగీతం విని వేశ్య కూతురు తులసి (మంజుభార్గవి) తల్లి చూపిన దారి వదిలేస్తుంది. ఆయన ఆమెకి ఏమీ బోధించలేదు, తన పద్ధతిలో తను బతికాడంతే. లోకం ఏమనుకున్నా ఆమెకి తన ఇంట్లో చోటిచ్చాడు. తన వల్ల ఆయన పరువు పోతోందని ఆమే వెళ్ళిపోయింది. ఏళ్ళ తర్వాత, ఆయన్ని జనం మరిచిపోయాక, తన కొడుకుని అనాథలా ఆయన ఇంటికి పంపింది. ఆ కొడుకే శిష్యుడయ్యాడు. కచేరీ మధ్యలో గొంతు ఆగిపోతే పాట అందుకున్నది ఆ పిల్లాడే. ఎవరికీ లొంగని మనిషి తన కాలి గండపెండేరం తీసి ఆ పిల్లాడికిచ్చాడు. తులసికి ఏం కావాలో మొదటి సీను నుంచీ మనకి తెలుసు, ఆ సంగీతానికి దగ్గరగా ఉండటం. తను అందుకోలేనిది కొడుకు ద్వారా అందుకుంది.

1983లో 'సాగర సంగమం'. తాగుబోతుగా మిగిలిపోయిన నాట్యకారుడు బాలుని (కమల్ హాసన్) మళ్ళీ మనిషిని చేసేది మాధవి (జయప్రద). అప్పటికి ఆమె వితంతువు. ఆ సంగతి తెలిస్తే బాలు ఇంకా కుంగిపోతాడని బొట్టు పెట్టుకుని తిరుగుతుంది. వానలో ఆ బొట్టు చెరిగిపోకుండా అతను చెయ్యి అడ్డం పెట్టే సీను చూసినప్పుడల్లా నాకు ఆమె మొహమే కనబడుతుంది, అతనిది కాదు. ఆమె అతనికి ఒక్క ముక్క నీతి చెప్పదు. తన దుఃఖాన్ని దాచుకుంటుంది. దానికి కన్నకూతురి దగ్గరే మాట పడుతుంది కూడా.

ఇంతవరకు వచ్చాక నాకో సంగతి గుచ్చుకుంది. జ్యోతి చచ్చిపోయింది. తులసి శాస్త్రిగారి కాళ్ళ దగ్గరే ప్రాణం విడిచింది. మాధవి తన వైధవ్యాన్ని దాచుకుని మాటలు పడింది. పుండరీకుడి భార్య సంగతి సరేసరి. అంటే మంచి రచయితలు ఈ పాత్రలకి కోరిక అయితే ఇచ్చారు, కానీ బిల్లు కూడా వాళ్ళ చేతికే ఇచ్చారు. వేమనా, పుండరీకుడూ, బాలూ పోస్టరు మీద ఉంటారు. వాళ్ళని నిలబెట్టినవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళో పిల్లలో అయి, ఆ ఖర్చు వాళ్ళ ఖాతాలో పడుతుంది. ఇది ఒక్క సినిమా లోపం కాదు, తరాల తరబడి మన ఇళ్ళలో నడిచిన లెక్కే తెర మీదికి వచ్చింది. మా నాన్న తరం మగాళ్ళు మారిన ప్రతి ఇంట్లోనూ, మారేదాకా ఓర్చుకున్న మనిషి ఒకరున్నారు. ఆవిడకి ఏం కావాలో మనం ఎప్పుడైనా అడిగామా?

అందుకే 2006లో వచ్చిన 'బొమ్మరిల్లు' నాకు ముఖ్యమైన సినిమా. హాసిని (జెనీలియా) అల్లరి, ఆ మాటల తీరు అప్పట్లో బాగా పాపులరై, అసలు సంగతి మరుగున పడిపోయింది. కాబోయే మావగారి (ప్రకాష్ రాజ్) ఇంట్లో వారం రోజులుంటుంది. అందరికీ దగ్గరవుతుంది కూడా. పాత లెక్క ప్రకారం అయితే ఇంకాస్త ఓర్చుకుని, కన్నీళ్ళతో అందరి మనసులూ గెలవాలి. హాసిని అలా చెయ్యలేదు. ఈ ఇంట్లో నేను నేనుగా ఉండలేను, నువ్వూ నువ్వుగా ఉండటం లేదు అని తేల్చుకుని వెళ్ళిపోయింది. ఆమె కోరిక చాలా చిన్నది, తను తనలా ఉండటం. దానికోసం ప్రేమించినవాణ్ణి కూడా వదులుకోడానికి సిద్ధపడింది. ఆమె వెళ్ళిపోయాకే సిద్ధు తండ్రి ముందు నోరు విప్పాడు. అప్పుడే తండ్రి మారాడు. ఉండి మార్చలేనిది వెళ్ళి మార్చింది. జ్యోతి నుంచి తులసి దాకా ప్రాణాలతో కట్టిన బిల్లుని ఈ అమ్మాయి కట్టనని టేబుల్ మీద పెట్టి లేచింది.

(హీరో ఊరందరికీ లెక్చరిచ్చి మార్చేసే సినిమాలు చాలానే ఉన్నాయి. వాటి గురించి నేను రాయలేదు. అక్కడ మార్చేవాడికి కావలసింది చప్పట్లు. అవి దొరికాక కథ అయిపోతుంది.)

మొత్తానికి నేను నేర్చుకున్నది ఇది. మార్చే పాత్ర రాసేటప్పుడు 'మార్చడం' అనే పని దానికి అప్పగించకూడదు. దానికి దాని సొంత కోరిక ఒకటివ్వాలి, ఆ కోరిక హీరో దారికి అడ్డం పడాలి. తగిలిన చోట మార్పు దానంతటదే పుడుతుంది. రెండోది, ఆ మార్పుకి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారో రచయిత లెక్క చూసుకోవాలి. హీరో కూడా కొంత కట్టాలి.

మొన్న పాత స్క్రిప్టు తీసి మొదటి పేజీ నుంచి మళ్ళీ రాశాను. ఇప్పుడా అమ్మాయికి ఊరు మారి ఉద్యోగంలో చేరాలని ఉంది, ఆ రైలు టైముకి అందుకోవాలి. హీరో కోసం ఆగదు. మా కొలీగ్‌కి పంపాను. "ఇప్పుడు చదువుతాను" అంది. చేస్తానని ఇంకా అనలేదు.