గోల్ కొట్టనివాడిని తిట్టే ముందు: కోలారు తెలుగు ఇళ్ళలో ఒక ఫుట్‌బాల్ తగువు

కేజీఎఫ్ అంటే ఇప్పుడు లోకానికి సినిమా. మనకు మాత్రం ఊరుగాం, చాంపియన్ రీఫ్, మారికుప్పం, రాబర్ట్‌సన్‌పేట. కోలారు జిల్లాలో స్థిరపడిన తెలుగు ఇళ్ళకు ఆటల విషయంలో ఒక పాత చిక్కు ఉంది. ఉండేది కన్నడ రాజ్యంలో, ఇంట్లో మాట తెలుగు. మరి మన జట్టు ఏది? పెద్దవాళ్ళ కాలంలో మైసూరా హైదరాబాదా అని తగువు. ఈ కాలం పిల్లలకు బెంగళూరు ఎఫ్‌సీయా హైదరాబాద్ ఎఫ్‌సీయా అని. జట్లు మారాయి గానీ తగువు మారలేదు.

ఈ మధ్య ఆ తగువు ఇంకోవైపు తిరిగింది. మా చిన్నాయన గనిలో పనిచేసి దిగినాయన. మా అక్క కొడుకు రోజూ రైలెక్కి బెంగళూరికి పోయి వస్తాడు. వాడిది ఒకటే మాట: "స్ట్రైకర్ దండగ. మంచోణ్ణి కొనుక్కోకపోతే ఎట్ల గెలుస్తారు?" చిన్నాయన మాట వేరు: "కొనేది తర్వాత సంగతి రా. మనిషి యాడనించి వస్తాడు, వాణ్ణి ఎవరు చేర్చుకుంటారు, వాడి ఇంటికి బియ్యం ఎవరిస్తారు? ముందు అది చెప్పు." ఇద్దరిలో ఎవరిది సరి అని ఆలోచిస్తూ పోతే మన ఫుట్‌బాల్ చరిత్ర సగం బయటపడింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

మనుషుల్ని చేర్చుకోవడం అంటే ఏమిటో కేజీఎఫ్‌కు కొత్తగా చెప్పక్కర్లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి గనులు తవ్వడం మొదలుపెట్టాక ఈ ఊరే చేర్చుకోవడం మీద పుట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి మనవాళ్ళు, ఇక్కడి పల్లెల నుంచి ఇంకా ఎంతోమంది. గనులు బాగా నడిచిన రోజుల్లో ముప్పై వేల మందికి పైగా పనిచేశారు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఇంగ్లీషు దొరలతో క్లబ్బులూ, గోల్ఫూ, ఆట మైదానాలూ వచ్చాయి. చేర్చుకున్న మనిషిని లెక్కలో పెట్టుకోవడానికి కంపెనీ వేలిముద్రలు అడిగితే 1930లో కూలీలు సమ్మెకు దిగారు. కూలికి చేరినా మేము మనుషులమే అని చెప్పిన సమ్మె అది.

గనికీ ఫుట్‌బాల్‌కూ ఏం సంబంధం అంటారేమో. మన దేశంలో చాలా కాలం ఫుట్‌బాల్ నడిచిందే ఉద్యోగం మీద. పోలీసు, సైన్యం, రైల్వే, ఫ్యాక్టరీ. బెంగళూరులో ఐటీఐ, హెచ్‌ఏఎల్ లాంటి ఫ్యాక్టరీలకు జట్లు ఉండేవి. ఆట బాగా వచ్చిన కుర్రాడికి ఉద్యోగం ఇచ్చేవారు. నెల తిరిగేసరికి జీతం. ఆట పోయినా, కాలు విరిగినా ఇల్లు గడుస్తుంది. పేదింటి పిల్లవాడు ధైర్యంగా బంతి వెంట పరుగెత్తాడంటే ఆ జీతం మీద నమ్మకంతోనే.

దీనికి అందరికన్నా పెద్ద ఉదాహరణ హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. 1943లో ఆ జట్టు బెంగళూరికి వచ్చి, రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి యాష్ గోల్డ్ కప్ గెలిచింది. ఓడిన జట్టులో ఇంగ్లండు క్రికెటర్ డెనిస్ కాంప్టన్ ఆడాడు. తర్వాత 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ వాళ్ళదే. 1950లో డ్యూరాండ్ కప్ కూడా. చేరినవాళ్ళు పేట పిల్లలే. పోలీసు ఉద్యోగం ఇచ్చి చేర్చుకున్నారు.

ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం ముందు బడిపంతులు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాతో ఈ పేరు మళ్ళీ అందరికీ తెలిసింది. ఆయన పద్ధతి పంతులు పద్ధతే. కుర్రాడికి ఎడమ కాలు రాకపోతే తిట్టలేదు. రాని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టాడు. బంతిని అంటిపెట్టుకుని ఒక్కడే పరుగెత్తే అలవాటు పోగొట్టడానికి, డ్రిబ్లింగే చేయకూడదని ఇంకో రకం పోటీలు. అంటే చేర్చుకున్నాక పని అయిపోలేదు, అక్కడినుంచి మొదలైంది.

తులసీదాస్ బలరాం సంగతి చూడండి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. మన లాగే ఊరు ఒకటి, ఇంటి మాట ఒకటి. రహీం శిబిరానికి రమ్మంటే, అంత దూరం రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడు. అద్దె సైకిలుకు డబ్బు రహీమే ఇచ్చాడు. ఆ కుర్రాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. ఒక సైకిలు అద్దె దగ్గర ఆగిపోవలసిన ఆట అది.

పీటర్ తంగరాజ్ కథ ఇంకో రకం. హైదరాబాద్‌లో పుట్టినవాడే. మొదట ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా. సైన్యంలో చేరాక గోల్‌కీపర్ అయ్యాడు. దేశం చూసిన గొప్ప గోల్‌కీపర్లలో ఒకడుగా నిలిచాడు. ఇప్పటి రోజుల్లో అయితే గోల్స్ కొట్టని స్ట్రైకర్ అని ఇంటికి పంపేసేవాళ్ళేమో! జీతం సైన్యం ఇస్తోంది కాబట్టి ఇంకో చోట ఆడి చూడడానికి వ్యవధి దొరికింది.

1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో మన దేశం 10-1తో ఓడింది. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టాడు. రెండుసార్లూ కోచ్ రహీమే. ఓడిన కోచ్‌ను మర్నాడే తీసేసి ఉంటే ఆ రెండోది చూసేవాళ్ళం కాదు.

ఇక మన ఇళ్ళ తగువు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని మైసూరు 1946-47లోనూ 1952-53లోనూ గెలిచింది. హైదరాబాద్ 1956-57, 1957-58 రెండేళ్ళూ వరసగా గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒకసారి. 1967-68, 1968-69 మళ్ళీ మైసూరువి. ఆ ఇరవై ఏళ్ళు కోలారు తెలుగువాడికి ఏదో ఒక వైపు పండగే. ఆ తర్వాత కర్ణాటకకు ఆ కప్పు మళ్ళీ దొరికింది 2023 మార్చిలో, అదీ సౌదీలోని రియాద్‌లో. యాభై నాలుగేళ్ళు పట్టింది. తెలుగు రాష్ట్రాలకు 1966 తర్వాత ఇంతవరకూ లేదు.

ఎందుకు ఎండిపోయింది? ఒక్క కారణం చెప్పలేం గానీ రెండు మాత్రం పెద్దవి. మంచి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు తీసుకుపోయాయి. బలరాం కూడా 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. పోయినవాళ్ళ చోట కొత్తవాళ్ళను నింపుతూ వచ్చిన రహీం 1963 జూన్‌లో కాన్సర్‌తో కన్నుమూశాడు. తీసుకుపోయేవాళ్ళు మిగిలారు, తయారుచేసేవాడు లేడు.

గని చదువు తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కేజీఎఫ్‌లో తొలి రోజుల్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైనే బంగారం వచ్చేది. చివరికి మూడు గ్రాముల దాకా దిగింది. మూడు కిలోమీటర్ల లోతుకు పోయినా అంతే. అప్పుడు లోపల డ్రిల్లు పట్టినవాణ్ణి తిట్టి లాభం లేదు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. ఆ రోజుతో పోయింది జీతాలే కాదు. ఆ జీతాల చుట్టూ ఉన్న ఆసుపత్రి, క్లబ్బు, మైదానం, సాయంత్రం ఆటా అన్నీ మెల్లగా నీరుగారాయి. ఇప్పుడు వేలమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరికి పోతారు, చీకటి పడ్డాక దిగుతారు. ఆడే వయసు కుర్రాడికి సాయంత్రమే లేదు.

ఇప్పుడు మా అక్క కొడుకు బాధకు వద్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాక లిస్టన్ కొలాసో, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్ళను ఆడించాడు. ముందు వరసలో నైజీరియా మనిషి బార్తొలోమ్యూ ఒగ్బెచె. 2021-22లో ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 అయితే, పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు. కప్ మనది! కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే ఆడారు. సొంత ఊరి జనం గచ్చిబౌలిలో చూడనేలేదు.

మరి రెండేళ్ళకే 2023-24లో ఏమైంది? 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, 10 గోల్స్, 8 పాయింట్లు, చివరి స్థానం. అభిమానులు స్ట్రైకర్ లేడని ఏడ్చారు. నిజమే, లేడు. కానీ ఎందుకు లేడు? ఆటగాళ్ళ జీతాలు బాకీపడ్డాయి. దాంతో కొత్తవాళ్ళను చేర్చుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ సీజన్ మధ్యలోనే వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళు ఆడారు, ఓడారు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. జీతం ఇవ్వని చోట గోల్ ఎలా వస్తుంది? ఇది చిన్నాయన ప్రశ్న. మావాడి దగ్గర జవాబు లేదు.

అయితే మావాడి మాట పూర్తిగా కొట్టేయలేం. దేశం జట్టుకు జీతాల బాకీ లేదు కదా, అక్కడా అదే కరువు. 2024లో భారత జట్టు 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు, కొట్టినవి 4 గోల్స్. అందులో ఒకటి సునీల్ ఛెత్రి పెనాల్టీ, ఒకటి డిఫెండర్ రాహుల్ భేకేది. ఛెత్రి పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, సైనికుడి ఇంట. 2013 నుంచి ఆడుతున్నది ఎక్కువగా బెంగళూరుకు. మన రెండు వైపులకూ చెందినవాడు! 2024 జూన్‌లో దేశం జట్టు నుంచి తప్పుకున్నాడు. మరుసటి మార్చిలో, నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ పిలిచారు, వచ్చి గోల్ కొట్టాడు. మెచ్చుకోవాలా సిగ్గుపడాలా?

ఇక్కడ తప్పు కొనుగోలుదే. ఇండియన్ సూపర్ లీగ్‌లో క్లబ్బులు ఏళ్ళ తరబడి గోల్ కొట్టే చోటుకు విదేశీయుల్నే తెచ్చాయి. మన కుర్రాళ్ళను పక్కలకు నెట్టాయి. దేశం పిలిచేసరికి ఆ చోట ఆడి అలవాటున్నవాడు లేడు. ఇప్పుడు విదేశాల్లో పెరిగిన మన మూలాలవాళ్ళను తెద్దామంటున్నారు. ఆస్ట్రేలియాలో పుట్టిన రయాన్ విలియమ్స్, బెంగళూరు ఆటగాడు, 2025లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. రానివ్వండి, మంచిదే. కేజీఎఫ్‌లో మనమూ ఒకప్పుడు బయటినుంచి వచ్చినవాళ్ళమే. కానీ వచ్చేవాడి మీదే ఊరు నడవదు.

ముందు వరసలో మనిషి లేనప్పుడు రహీం ఏం చేశాడో ఒక్కసారి చూడండి. 1962 జకార్తా. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి సెమీఫైనల్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. చిన్నప్పుడు కాలేజీలో ఆ చోట ఆడినవాడని ఆయనకు తెలుసు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్‌లో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1 గెలుపు. పీకే బెనర్జీది ఒక గోల్, జర్నైల్‌ది ఒకటి. గోల్ దగ్గర తంగరాజ్. బయటినుంచి ఎవరినీ తేలేదు. తన దగ్గరున్న మనిషి చరిత్ర తెలుసుకుని వాడుకున్నాడు.

అందుకే మా ఇంటి తగువులో నా ఓటు చిన్నాయనకే, కొంచెం సవరణతో. కొనడం తప్పు కాదు. కొనడమే పని అనుకోవడం తప్పు. చేర్చుకోవాలి, జీతం ఇవ్వాలి, నేర్పాలి, ఒక సీజన్ చెడితే ఇంకో చోట ఆడించి చూడాలి. ఈ నాలుగూ ఉన్నన్నాళ్ళు పోలీసు జట్టు గెలిచింది. ఇవి లేని చోట 18 గోల్స్ కొట్టినవాడు పోగానే మైదానమే ఖాళీ అయింది.

కేజీఎఫ్‌లో, బంగారపేటలో, ముళబాగిలులో ఇప్పటికీ సాయంత్రం బంతి తన్నే పిల్లలున్నారు. వాళ్ళలో ఒకడికి బెంగళూరు శిబిరానికి రైలు ఛార్జీ పెట్టగలిగిన ఇళ్ళు మనలో చాలానే ఉన్నాయి. అప్పట్లో సైకిలు అద్దె, ఇప్పట్లో రైలు ఛార్జీ. అంతే తేడా.

మీ ఇంట్లో తాతలో మామలో గని జట్టుకో ఫ్యాక్టరీ జట్టుకో ఆడి ఉంటే, వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసి పంపండి. ఎవరు చేర్చుకున్నారు, ఎంత జీతం, ఏ చోట ఆడారు. పాత ఫోటో ఉంటే ఇంకా మంచిది. తర్వాతి భాగంలో అవన్నీ కలిపి వేద్దాం.