సైలెంట్ హిల్ (1999)

జపాన్ సంస్థ కొనామి 1999లో ప్లేస్టేషన్ కోసం విడుదల చేసిన భయానక వీడియో గేమ్. దర్శకుడు కెయిచిరో తొయామా, సంగీతం అకిరా యమఒకా. కారు ప్రమాదం తర్వాత కనిపించకుండా పోయిన కూతురు షెరిల్ కోసం హ్యారీ మేసన్ అనే రచయిత నిర్మానుష్యమైన అమెరికన్ పట్టణంలో వెతకడం ఇందులోని కథ.

పట్టణమంతా దట్టమైన పొగమంచు. దూరపు దృశ్యాలను చూపే శక్తి ప్లేస్టేషన్ యంత్రానికి చాలదు గనుక మంచుతో కప్పేశారు. ఆ సర్దుబాటే ఆటకు ప్రాణమైంది. వికృత జీవులు దగ్గరపడగానే హ్యారీ దగ్గరున్న చిన్న రేడియో గరగరమంటుంది. ఏదో వస్తోందని తెలుస్తుంది, ఎటునుంచో తెలియదు. టార్చి ఆర్పితే వాటి కంట పడకుండా తప్పించుకోవచ్చు, కానీ మనకూ దారి కనపడదు. సైరన్ మోగాక అదే పట్టణం తుప్పు, నెత్తురు, ఇనుప జాలీల లోకమైపోతుంది. అక్కడ యమఒకా వినిపించేది పాట కాదు, ఫ్యాక్టరీ మోత.

ఇక నడక సంగతి. హ్యారీని కదిలించడం లారీని మలుపు తిప్పడమే: ముందు అటువైపు తిరగాలి, ఆ తర్వాతే అడుగు. తుపాకీ గురి తరచూ తప్పుతుంది. అతను సైనికుడు కాదు, మామూలు మనిషి అన్న సమర్థన కొంతవరకే చెల్లుతుంది. సంభాషణలు పాఠం అప్పజెప్పినట్టుంటాయి. బడిలోని పియానో చిక్కుముడి పక్షుల పద్యం మీద ఆధారపడింది, ఇంగ్లీషు అంతగా రానివాళ్లు అక్కడే ఆగిపోతారు. పోలీసు అధికారిణి సిబిల్‌ను కాపాడాలంటే ఆసుపత్రిలో ఒలికిన ఎర్రని ద్రవాన్ని ముందే సీసాలో పట్టుకోవాలి. అదెందుకో ఆట అప్పుడు చెప్పదు.

రెండో భాగం 2001లో, సినిమా 2006లో వచ్చాయి.