బొంతలో వంపుకుట్టు

అతుకుల బొంతలో చదరపు ముక్కను చదరపు ముక్కతో కలుపుట సులభము. కలియు అంచులు రెండును సరళరేఖలు, సమానమైన పొడవు కలవి. అంచు వంపు తిరిగినప్పుడే చిక్కు వచ్చును.

1718 అను సంవత్సరాంకము గల పట్టు అతుకుల దుప్పటి ఒకటి ఇంగ్లండులో నేటికిని భద్రముగా నున్నది. అందలి పక్షులు, జంతువులు, పూవులు ముక్కల అతుకుతోనే ఏర్పడినవి. ఒక్కొక్క ముక్క ఆకారమునకు కాగితము కత్తిరించి, బట్ట అంచును దానిపైకి మడచి, అంచుకు అంచు చేర్చి కుట్టిరి. కాగితము సాగదు గనుక వంపు చెడలేదు. పని మాత్రము మిక్కిలి నెమ్మది.

19వ శతాబ్దిలో అమెరికా స్త్రీలు కాగితము లేకుండగనే వంపులు కుట్టిరి. వారి నమూనాలలో ఒకదాని పేరు 'డ్రంకార్డ్స్ పాత్', అనగా త్రాగుబోతు దారి. కప్పుకొని నిద్రించు బొంతకు అంత శుభప్రదమైన పేరు కాదు! చదరపు ముక్క మూలలో పావు వృత్తము తీసివేసి, అచట వేరొక రంగు పావు వృత్తమును అతుకుదురు. ఇట్టి పదునారు చదరములను అటునిటు త్రిప్పి పేర్చగా తూలుచు నడచువాని అడుగుజాడల వంటి వంకరదారి కనబడును. 1874లో అచట స్త్రీల మద్యవ్యతిరేక సంఘము ఏర్పడెను. స్త్రీలలో అత్యధికులకు ఓటుహక్కు లేని కాలమది. నీలము, తెలుపు రంగుల ఈ బొంతలను ఆ ఉద్యమముతో ముడిపెట్టి చెప్పుట కలదు.

ఇందలి చిక్కును లెక్కతో చూతము. పావు వృత్తపు వ్యాసార్ధము 8 సెం.మీ. అనుకొందము. కుట్టు పడవలసిన చాపము పొడవు 12.6 సెం.మీ. కాని కుట్టుకు ఆవల 6 మి.మీ. బట్టను రెండు ముక్కలకును వదలవలెను. అప్పుడు పావు వృత్తపు ముక్క అంచు 8.6 సెం.మీ. వ్యాసార్ధముతో 13.5 సెం.మీ. అగును; గుంట తీసిన ముక్క అంచు 7.4 సెం.మీ. వ్యాసార్ధముతో 11.6 సెం.మీ. మాత్రమే. భేదము ఇంచుమించు 1.9 సెం.మీ. క్రొత్తగా కుట్టువారు కత్తిరింపు తప్పినదని భ్రమపడుదురు. తప్పేమియు లేదు. కుట్టురేఖలు సమానములే, అంచులే అసమానములు.

గుంట అంచు సాగవలెను. పడుగు వెంట గాని పేక వెంట గాని లాగిన బట్ట అంతగా సాగదు. ఐమూలగా లాగినచో పోగులు సాగకున్నను వాని నడిమి కోణము మారి బట్ట సాగును. చదరమును పోగుల వెంట కత్తిరించినప్పుడు, వంపు రెండు కొసలయందు పోగుల దిశలోను, నట్టనడుమ సరిగా 45 డిగ్రీల ఐమూలలోను ఉండును. సాగుదల నడుమ ఎక్కువ, కొసలయందు స్వల్పము. అందుచేత నడుమను, రెండు కొసలను ముందుగా గుండుసూదులతో నిలిపి, గుంట ముక్క అంచున కుట్టురేఖను తాకకుండ చిన్నగాట్లు పెట్టి, పిదప కుట్టుదురు.

1846లో ఎలియాస్ హోవే కుట్టుయంత్రమునకు అమెరికాలో పేటెంటు పొందెను. యంత్రపు పండ్లు క్రింది బట్టను ముందుకు లాగును. పైబట్ట కొంత వెనుకబడును. సరళరేఖలో ఇది అంతగా తెలియదు, వంపులో ముడుతగా బయటపడును. చేతికుట్టులో బొటనవ్రేలు ఒక్కొక్క కుట్టుకు రెండు బట్టలను సరిచేయుచుండును. యంత్రము ఇంటనున్నను వంపులను మాత్రము చేతితో కుట్టువారు నేటికిని ఉన్నారు.