మదనపల్లె మిద్దె మీద ఎండ గది

డిసెంబరు నెల, పొద్దున ఆరున్నర. మీరు మెట్లెక్కి మిద్దె మీదికి వచ్చేసరికి గచ్చు మంచుకు తడిసి ఉంది. వాయవ్యాన హార్సిలీ కొండ సగం మబ్బులో ఉంది. 1870 ప్రాంతాల్లో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్సిలీ ఎండకాలం గడపడానికి అక్కడ బంగళా కట్టుకున్నాడు. అంతకుముందు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. ఆ కొండ 1,200 మీటర్లు దాటితే, మీరు నిలబడ్డ మదనపల్లె కూడా దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే ఈ చలి. ఈ చలికాలపు పొద్దుటెండ ఇక్కడివాళ్లకు ఎంత ఇష్టమో కోస్తావాళ్లకు చెప్పినా అర్థం కాదు.

మేడ గదుల ముందు పన్నెండడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవున్న ఖాళీ జాగా ఇది. తూర్పుకూ దక్షిణానికీ తెరిచి ఉంటుంది. చుట్టూ మూడడుగుల పిట్టగోడ. ఒక మూల నీళ్ల ట్యాంకు, ఇంకో మూల బట్టలారేసే తీగ. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని నెమ్మదిగా ఎక్కి వస్తుంది. కుర్చీ ఆగ్నేయానికి తిప్పుకుని, శాలువా మోకాళ్ల మీదికి లాక్కుని కూచుంటుంది. ఏడింటికి ఎండ పిట్టగోడ దాటి ఆమె ముఖం మీద పడుతుంది. కాసేపటికే ఈశాన్యపు గాలి లేస్తుంది.

"ఎండ కావాల, గాలి వద్దు. నేనేం చేసేది నాయనా?" అని లేచి కిందికి పోతుంది.

ఈ జాగాకు అద్దాలు బిగించి గదిగా మార్చాలన్న మాట ఇంట్లో చాన్నాళ్లుగా ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ముసురు పట్టి రోజుల తరబడి ఇటు రాలేరు. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలు దాటితే గచ్చు మీద కాలు పెట్టలేరు. ఏడాదిలో సగం పనికిరాని జాగా, మిగతా సగంలో ఇంట్లోకెల్లా మంచి జాగా. ఈ రోజు మేస్త్రి వస్తానన్నాడు.

ఎనిమిదింటికి వచ్చాడు. సంచిలోంచి టేపు తీస్తాడనుకుంటారు మీరు. ఆయన బకెట్టు నీళ్లడిగి, గచ్చు మీద గుమ్మరించి, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడతాడు. నీళ్లు సన్నగా పాయలై ఆగ్నేయం మూలకు చేరి, తూము దగ్గర గుమిగూడి, కిందికి దిగిపోతాయి.

"వాటం ఆ మూలకే ఉండాది సామీ. ఆ మూల మూసేస్తే నీళ్లు యాడికి పోతాయి?"

సరిగ్గా ఆ మూలే అమ్మకు కావలసింది. చలికాలంలో సూర్యుడు నేరుగా తూర్పున పొడవడు, బాగా దక్షిణానికి ఒరిగి పొడుస్తాడు. కాబట్టి ఆ మూలను వదిలే ప్రశ్నే లేదు. తూమునే మార్చాలి. పాత గచ్చు చెక్కేసి, వాటం ఉత్తరం వైపుకు తిప్పి, తర్వాత టైల్స్ వేయాలి. మేస్త్రి అప్పుడు సుత్తి పిడితో నేలను అక్కడక్కడా తట్టి, డొల్ల చప్పుడు వచ్చిన చోట సుద్దముక్కతో సున్నా గీస్తాడు. తర్వాత మిమ్మల్ని వెంటబెట్టుకుని కింది అంతస్తుకు పోయి, పడకగదిలో మంచమెక్కి దూలం చూపిస్తాడు.

"కొత్త బరువంతా దీని నెత్తిన కూచోవాల. స్లాబు నడిమధ్యలో కూచుంటే మాత్రం మాట పడాల్సొస్తాది."

సాయంత్రం లైసెన్సున్న ఇంజనీరు వచ్చి ఇదే మాటను అంకెల్లో చెబుతాడు. జనం ఎక్కి తిరిగే మిద్దెకప్పును చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుకు లెక్కగట్టి కడతారు. అదే మనుషులు నివసించే గది నేల అయితే 200 కిలోలు లెక్క. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే మాట ఇది. నిన్నటిదాకా కప్పుగా ఉన్నది రేపు నేల కాబోతోంది. దాని మీద తొమ్మిదంగుళాల ఇటుక గోడ లేపితే చదరపు మీటరు గోడకు 450 కిలోల దాకా తూగుతుంది. 5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరు పన్నెండున్నర కిలోలే. మీ మునివేళ్ల కింద ఉన్న పాత పిట్టగోడ ఇన్నేళ్లుగా ఎంత బరువు మోయిస్తోందో అప్పుడు తెలుస్తుంది. దాన్ని అడుగున్నరకు తగ్గించి, మిగతా ఎత్తంతా ఇనుప స్తంభాలూ అద్దమూ పెడితే బరువు పెరిగేది కొంచెమే, పైగా కుర్చీలో కూచున్న మనిషి ఒళ్లో ఎండ పడుతుంది. బయటివైపు గ్రిల్ తప్పనిసరి అంటాడు ఇంజనీరు. పిల్లలు తిరిగే ఇల్లు కాబట్టి మీరూ వాదించరు.

రాత్రి న్యూజెర్సీ నుంచి తమ్ముడు వీడియోలోకి వస్తాడు. వాళ్ల ఇంటి వెనక చెక్క డెక్కును ఇలాగే సన్‌రూముగా మార్పించుకున్నాడు. అక్కడ ముందు చూసేది డెక్కు కాళ్లకున్న పునాదులను. చలికాలంలో నేల గడ్డకట్టే లోతుకన్నా కిందికి అవి దిగి ఉండాలి, లేకపోతే మంచు కాళ్లను పైకి తంతుంది. ఫోను చుట్టూ తిప్పి గది చూపిస్తాడు. కప్పు కూడా అద్దమే.

"పైనా అద్దమే పెట్టించు అన్నా. పడుకుంటే చుక్కలు కనిపిస్తాయి."

కాసేపు మీకూ ఆశ పుడుతుంది. కానీ న్యూజెర్సీ ఉండేది 40 డిగ్రీల ఉత్తరాన. డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు అక్కడ దిగంతం మీద 27 డిగ్రీలకు మించడు. నడివేసవిలో కూడా నడినెత్తికి రాడు. ఎండను ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకోవాల్సిన దేశం అది. మదనపల్లె పదమూడున్నర డిగ్రీల మీద ఉంది. ఏప్రిల్ 25 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో మరోసారి, మధ్యాహ్నం పన్నెండుంపావు వేళ ఇక్కడ నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. అద్దపు కప్పు వేస్తే, ఎవరికీ అక్కర్లేని ఆ ఎండంతా నేరుగా గదిలోకి దిగుతుంది. అదే డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, కాబట్టి మనకు కావలసిన ఎండ పక్కల నుంచి వస్తుంది.

అనుమానం మిగిలితే పుంగనూరు పోయి చూడమంటారు ఇంట్లోవాళ్లు. మరుసటి మధ్యాహ్నం మూడింటికి మీరు అక్కడ మీ బావ ఇంటి మిద్దె మీద ఉంటారు. ఆయన పడమటి వైపు జాగాకు అద్దాలు బిగించి, పైన పాలికార్బొనేట్ షీటు వేయించాడు. తలుపు తీయగానే వేడి ముఖానికి కొడుతుంది. అద్దం ఎండను లోపలికి రానిస్తుంది, లోపల కాగిన నేల నుంచీ సామాను నుంచీ వచ్చే వేడిని మాత్రం బయటికి పోనివ్వదు. డిసెంబరులోనే చొక్కా వీపుకు అంటుకుంటోంది. షీటు పసుపు తిరిగింది. మూడు మీటర్ల షీటు 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 8 మిల్లీమీటర్లు సాగుతుంది, మళ్లీ చల్లబడితే ముడుచుకుంటుంది. స్క్రూ లావుకు సమానంగానే చిల్లి వేయడంతో దానికి కదిలే చోటు లేక, ప్రతి స్క్రూ చుట్టూ చీలికలు పుట్టాయి. గదిలో ఇప్పుడున్నది పాత సైకిలు, బియ్యం డ్రమ్ము, విరిగిన మంచం.

"వానొస్తే ఫోన్లో మాట వినపడదు బావా," అంటాడాయన. కింద పెరట్లో, ఊరి పేరు మోసే పుంగనూరు ఆవు వేపచెట్టు నీడలో నెమరు వేస్తోంది. పట్టుమని మూడడుగుల ఎత్తు లేదు. దాన్ని పొద్దున ఎండలో కట్టి, పదింటికి నీడకు మారుస్తారట. ఆవును మార్చవచ్చు, గదిని మార్చలేం కదా.

కప్పు సంగతి అక్కడే తేలిపోతుంది. మీది ఎండ చొరబడని కప్పు కావాలి. రెండు రేకుల మధ్య నురుగు నింపిన పఫ్ ప్యానెల్ అయితే తేలిక, వేడిని ఆపుతుంది, వాన చప్పుడూ తక్కువ. దక్షిణాన రెండడుగుల చూరు బయటికి వదలాలి. డిసెంబరు మధ్యాహ్నం ఆ చూరు నీడ అద్దం మీద పైనుంచి రెండున్నర అడుగుల పైచిలుకు పడుతుంది, దాని కిందంతా ఎండే. ఏప్రిల్‌లో అద్దం మొత్తం నీడలోనే ఉంటుంది.

పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరతారు, కిటికీల అడుగున వేసే బండల కోసం. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కాబట్టి రాయి కోసే షెడ్డులో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో వినిపిస్తాయి. రంపం కింద నీళ్లు ధారగా పడుతుంటే రాతిపొడి బురదై కాళ్లకు అంటుకుంటుంది. ఇక్కడి పచ్చరాయి కుప్పం గ్రీన్ పేరుతో దూరదేశాలకు పోతుంది. తడిచేత్తో రాస్తే దాని ఆకుపచ్చ బయటపడుతుంది. కిటికీ అడుగున వేసే బండ పిట్టగోడకన్నా రెండంగుళాలు బయటికి రావాలి, బయటికి వాలి ఉండాలి, ఆ అంచు అడుగున సన్నటి గాడి కోయించాలి. ఆ గాడి లేకపోతే వాననీరు బండ అడుగు పట్టుకుని వెనక్కి పాకి గోడలోకి ఇంకుతుంది. కోసేవాడు మీరు అడగకముందే "గాడి యాడ కొట్టేది?" అంటాడు. ఎంత హాయిగా ఉంటుందో, పని తెలిసిన మనిషి చేతిలో పని పెట్టడం.

ఇక అసలు పేచీ కిటికీల దగ్గర. మదనపల్లెకు తిరిగొచ్చాక కిటికీలు చేసేవాడు స్లైడింగ్ పెట్టమంటాడు. చవక, బిగింపు సులువు, రెక్క గాలికి కొట్టుకోదు. అన్నీ నిజమే. కానీ స్లైడింగు తెరిస్తే తెరుచుకునేది సగమే, రెండో సగం ఎప్పటికీ మూతే.

ఎండా గాలీ నేరుగా తగలాలన్నది ఈ ఊరికి పాత మాటే. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఆరోగ్యవరం ఉంది. డెన్మార్కు మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ ముల్లర్ ఆధ్వర్యంలో 1915లో అక్కడ క్షయ శానటోరియం మొదలైంది. మందులు లేని ఆ కాలంలో రోగికి ఇవ్వగలిగింది విశ్రాంతి, మంచి తిండి, ఎండ, గాలి. అందుకు ఈ ఎత్తు నేలను, ఈ పొడిగాలిని ఏరికోరి ఎంచుకున్నారు. ఫిన్లాండులో వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో కట్టిన పైమియో శానటోరియం కూడా ఇలాంటిదే, 1933 నాటిది. రోగులు పడుకుని ఎండ కాచుకోవడానికి దానికి ప్రతి అంతస్తులో తెరిచిన బాల్కనీలు ఉండేవి. క్షయకు మందులు వచ్చాక, 1960ల్లో, వాటిని మూసి గదులు చేశారు. మందు ఉన్నప్పుడు మూసినా పోయేదేం లేదు. కానీ మనిషి ఎండలో కూచునేది వెచ్చదనానికి ఒక్కదానికే కాదు. ఒంట్లో డి విటమిన్ తయారు కావడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను మామూలు కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. మూసిన అద్దం వెనక ఎంతసేపు కూచున్నా వేడి తగులుతుంది గానీ ఆ మేలు అందదు.

అందుకే మీరు పట్టు వదలరు. తలుపుల్లా పూర్తిగా తెరుచుకునే రెక్కలే కావాలంటారు. గ్రిల్ బయట ఉంది కాబట్టి రెక్కలు లోపలికి తెరుచుకోవాలి, ప్రతిదానికీ గాలికి కొట్టుకోకుండా కొక్కెం ఉండాలి. ఖర్చు పెరుగుతుంది. పెరగనీ.

రెక్కలకు పెట్టే గట్టిపరచిన అద్దాన్ని 600 డిగ్రీలకు పైగా కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు. పగిలితే కత్తుల్లా కాకుండా చిన్న పలుకులుగా రాలడం దానివల్లే. ఆ తర్వాత ఎవరూ దాన్ని కోయలేరు, అంచు కూడా అరగదీయలేరు. కాబట్టి కుప్పం బండలు కూచుని, ఫ్రేములు నిలిచి, రసమట్టంలో బుడగ నడిమధ్యకు వచ్చాకే కొలతలు. ప్రతి గడిని పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలుస్తారు. మూడింటిలో చిన్నదే లెక్క. పాత గోడ ఎక్కడో ఒకచోట ఒరిగే ఉంటుంది.

అద్దాలు వచ్చేలోగా కప్పు ఎక్కుతుంది. పాత గోడకూ కొత్త కప్పుకూ మధ్య అతుకే ఇలాంటి గదులకు ప్రాణం తీసే చోటు. సిలికాన్ పూసి వదిలేస్తానంటే ఒప్పుకోకండి. మేస్త్రి గోడలో అంగుళం లోతున గాడి తీసి, రేకు అంచును అందులోకి దూర్చి, సిమెంటుతో పూడుస్తాడు. మరునాడు పైపు పట్టుకుని అరగంట నీళ్లు కొట్టిస్తాడు. మీరు లోపల నిలబడి గోడ మీద చెయ్యి ఆనించి చూస్తారు. పొడిగానే ఉంది. ఫ్రేముల అడుగున బయటివైపున్న చిన్న చిల్లుల్లోంచి నీళ్లు బొట్లుబొట్లుగా బయటికి కారుతున్నాయి. రంగు వేసేవాడు ఆ చిల్లుల్ని పుట్టీతో మూయకుండా మేస్త్రి కాపలా కాస్తాడు.

సంక్రాంతికి ముందు పని ముగుస్తుంది. పొద్దున ఏడింటికి ఈశాన్యం వైపు రెక్కలు మూసి, ఆగ్నేయం మూల రెక్కలు బార్లా తీస్తారు. అమ్మ కుర్చీ ఇప్పుడు తొమ్మిదింటిదాకా అక్కడే ఉంటుంది. కాఫీ రెండోసారి మిద్దె మీదికే వస్తోంది.

మీ ఇంటి మీదా ఇలాంటి జాగా ఉంటే, ముందు మునిసిపాలిటీలో అనుమతి తీసుకోండి. కప్పు పడి గది అయ్యాక అది ఖాళీ జాగా కాదు. ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా మీదికి అది పొడుచుకు రాకూడదు. ఇంజనీరుకు కింది దూలం చూపించకుండా ఒక్క ఇటుక కూడా పైకి ఎక్కించకండి. పడమటి వైపు అద్దం వద్దు, అద్దపు కప్పు అసలే వద్దు. రెక్కలు పూర్తిగా తెరుచుకోవని చెప్పినవాడికి అడ్వాన్సు ఇవ్వకండి.